తలనొప్పి అన్న రెండు రోజుల్లో స్కాన్ తీయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అండాశయ క్యాన్సర్ మెదడుకు పాకడం అరుదు. నూటికి ఒకరిద్దరిలోనే వస్తుందని చాలాకాలం అన్నారు. మందులు మెరుగై ఆడవాళ్లు ఎక్కువ ఏళ్లు బతుకుతున్నకొద్దీ ఇప్పుడు కాస్త ఎక్కువగానే బయటపడుతోంది. అయినా తలనొప్పి అనగానే ఆ అనుమానం ఎవరికీ రాదు.

మా అక్కకు ఈ అండాశయ క్యాన్సర్‌కే ఆపరేషన్, కీమో అయ్యాయి. కడుపు స్కాన్ బాగుంది, ఈ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష సీఏ-125 కూడా నార్మల్. తర్వాత తలనొప్పి, పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. గ్యాస్ అన్నారు, బీపీ అన్నారు, టెన్షన్ అన్నారు. ఒకరోజు జాకెట్ హుక్కులు పెట్టుకోబోతే కుడిచేయి మాట వినలేదు. అప్పుడు తీసిన ఎమ్మారైలో రెండు గడ్డలు కనిపించాయి. కీమో మందులు చాలావరకు రక్తంలోంచి మెదడులోకి సరిగ్గా చేరవు. అందుకే కడుపు రిపోర్టు బాగున్నా తలలో గడ్డ పెరగొచ్చు. ఈ సంగతి జిల్లా ఆసుపత్రుల్లో అందరికీ తెలియాలి.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టాక మెదడులో వాపు తగ్గి, రెండు రోజుల్లో అక్క లేచి కూర్చుని చారన్నం తింది. అది ఉపశమనం మాత్రమే, అసలు వైద్యం ఆ తర్వాతే. గడ్డ ఒక్కటే ఉండి పెద్దదైతే ఆపరేషన్ చేసి తీస్తారు. చిన్నవి కొన్నే ఉంటే స్టీరియోటాక్టిక్ రేడియేషన్‌తో గడ్డ మీదికే గురిపెడతారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖానికి అచ్చుపోసి, తల కదలకుండా బిగించి ఇస్తారు. గడ్డలు చాలా ఉంటే మెదడంతటికీ రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది. దానివల్ల కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. సార్, ఆలస్యమయ్యేకొద్దీ మొదటి రెండు దారులూ మూసుకుపోతాయి. పిల్లల పేర్లు గుర్తుండటం కూడా వైద్యంలో భాగమే.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఈ జబ్బులో డబ్బు ఎంత ముఖ్యమో రోజులూ అంతే ముఖ్యం. అండాశయ క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న మనిషి కొత్తగా తలనొప్పి, వాంతులు, తూలడం, ఫిట్స్ అంటూ వస్తే, రెండు రోజుల్లో కాంట్రాస్ట్ ఎమ్మారై (గడ్డలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్) తీయాలని జిల్లా ఆసుపత్రులకు రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. ఆ ఫిల్ములు పట్టుకుని ఇంటివాళ్లు హైదరాబాద్‌లో ఒక్కో ఓపీ తిరగకూడదు. అక్కడి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, నిమ్స్ ఆసుపత్రిలో గానీ న్యూరో సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ కలిసి కూర్చుని, జిల్లా నుంచి ఆన్‌లైన్‌లో వచ్చిన స్కాన్ చూసి దారి చెప్పే ఏర్పాటు కావాలి. బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉందేమో చూసే పరీక్ష కూడా ఉచితంగా చేయించండి. ఆ లోపం ఉన్నవాళ్లలో కొందరికి ఒలాపరిబ్ లాంటి మాత్రలు పనికొస్తాయి.

జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మన జిల్లాల్లో ఆ కేంద్రాలతో పాటే ఈ ఆదేశం కూడా అమల్లో ఉండేలా చూడండి.

ఇట్లు,
కరీంనగర్ జిల్లా నుంచి ఒక పేషెంటు చెల్లెలు