మూడు నెలల్లో తేలాల్సిన కేసు, రెండేళ్ళు దాటింది మంత్రి గారూ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారమండి.

మీ ఆఫీసుకి ఇప్పటికి మూడు లెటర్లు పెట్టాను. మొదటి రెండిటికీ "సంబంధిత విభాగానికి పంపాం" అని ఒకే మెసేజ్ వచ్చింది, మూడోదానికి అదీ లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సొచ్చింది, తప్పుగా అనుకోకండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అందులో 38వ సెక్షన్ ఒక్కటి మళ్ళీ తీసి చూడండి సార్. కేసు తేల్చడానికి అవతలి పార్టీకి నోటీసు అందిన రోజు నుంచి మూడు నెలలు, వస్తువుని టెస్టుకి పంపాల్సొస్తే ఐదు నెలలు. నా కేసులో ఏ టెస్టూ లేదు. నోటీసు అంది రెండేళ్ళ నాలుగు నెలలైంది, పదిహేడు వాయిదాలు అయ్యాయి.

మాది ఫ్రిజ్ కేసు. అమ్మకి షుగర్, ఇన్సులిన్ పెట్టుకోవాలని 23,500 పెట్టి కొన్నాం, నలభై రోజులకే కంప్రెసర్ పోయింది. వారంటీ ఉంది కదా అని ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చి ఓల్టేజ్ వల్ల పోయింది, వారంటీ వర్తించదు అని రాసేసి వెళ్ళాడు, స్టెబిలైజర్ ఉంది బాబూ అని అమ్మ చూపిస్తున్నా వినలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. కంపెనీ అక్కడా అదే జవాబిచ్చింది, ఫిర్యాదు క్లోజ్ అయిపోయింది. హెల్ప్‌లైన్‌ వాళ్ళని ఏమీ అనను, వాళ్ళకి ఆర్డర్ ఇచ్చే పవర్ లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఉంది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు అంటే నమ్మి వేశాను.

మొదటి వాయిదాకి కంపెనీ లాయర్ గారు టైమ్ అడిగారు. రెండోసారి వకాల్తా, ఆ తర్వాత కౌంటర్ (అంటే వాళ్ళ జవాబు), ఆ తర్వాత అఫిడవిట్‌కి టైమ్, మళ్ళీ టైమ్, ఈలోగా కమిషన్ ప్రెసిడెంట్ గారి పదవీకాలం అయిపోయి ఆరు నెలలు ఆ కుర్చీ ఖాళీ. ఆ ఆరు నెలలూ కూడా వెళ్ళాను సార్, రాలేదని కేసు కొట్టేస్తారేమోనని భయం. పొద్దున్నే బస్సెక్కి వెళ్తే గుమాస్తా గారు డైరీ చూసి ఇంకో డేట్ చెప్తారు, అంతే, ఆ రోజు కూలి పోయినట్టే. పోయిన కూలి, చార్జీలు కలిపితే ఫ్రిజ్ ఖరీదులో సగం దాటింది. వీడియోలో హాజరవుతానని అప్లికేషన్ పెట్టుకున్నా, చట్టంలో ఉన్నదే కదా. దాని మీద ఇంతవరకు ఏ ఆర్డరూ లేదు. సరైన కారణం ఉంటేనే వాయిదా ఇవ్వాలి, ఆ కారణం రాయాలి అని కూడా ఆ సెక్షన్లోనే ఉంది. నా కేసు షీట్లో "టైమ్ కోరారు, ఇవ్వడమైనది" అని తప్ప ఇంకేం లేదు.

నాకు బాధ ఎక్కడంటే, నేను రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయకపోతే, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తప్ప, నా హక్కు పోతుంది. కంపెనీ జవాబుకి 30 రోజులు, ఇంకో 15, ఆపైన ఒక్కరోజు కూడా కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. మరి కమిషన్‌కి పెట్టిన మూడు నెలల దగ్గరికొచ్చేసరికి "ప్రయత్నించాలి" అని రాశారు. ఆ ఒక్క మాట వల్లే మాలాంటి వాళ్ళం ఏళ్ళతరబడి తిరుగుతున్నాం.

జిల్లా కమిషన్ల నియామకాలు రాష్ట్రాలవి అంటారేమో. ఈ ఖాళీల మీద 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది కదండీ, ఇప్పటికీ మేం ఖాళీ కుర్చీలు చూసి వెనక్కొస్తుంటే ఎవర్ని అడగాలి? చట్టం మీది, రాష్ట్రాలని అడిగే అధికారం మీకుంది, మాకు లేదు.

దయచేసి ఆ గడువుని నిజమైన గడువు చేయండి. పదవీకాలం అయిపోకముందే కొత్తవాళ్ళని వేయించండి. చిన్న కేసులకి వీడియో హాజరు అడిగితే ఇప్పించండి. నా ఒక్కడి కోసం కాదు, ఆ వరండాలో నాతోపాటు కూర్చునే వాళ్ళందరి కోసం అడుగుతున్నా.

బాగు చేయిస్తే సాక్ష్యం పోతుందని ఆ ఫ్రిజ్ ముట్టుకోలేదు. అమ్మ ఇన్సులిన్ ఇప్పటికీ పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లోనే ఉంటోంది. వచ్చే నెల 14న పద్దెనిమిదో వాయిదా, వెళ్తాను.

ఇట్లు
ఒక వినియోగదారుడు