కాఫీ తోటలో పురుగుకు ఎండ తోడైతే

2025లో అరకు ప్రాంతంలో బయటపడిన కాఫీ కాయతొలుచు పురుగుపై పోరులో మనం ఉష్ణోగ్రత సంగతి మరచిపోతున్నాం. చెట్ల బెరడు తొలిచే పెంకుపురుగుల కుటుంబానికే చెందిన ఈ పురుగు 15 డిగ్రీల లోపు చలిలో దాదాపు ఎదగదు. 25 డిగ్రీల వెచ్చదనం దొరికితే నెల రోజుల్లోనే గుడ్డు నుంచి పెద్ద పురుగవుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో శీతకాలపు చలి సడలినప్పుడు ఇదే కుటుంబపు పురుగు పైన్ అడవులను నిలువునా ఎండిపోయేలా చేసింది. మన మన్యానికి చల్లదనమే కాపలా, దాన్ని నిలిపేవి నీడ చెట్లు. మొన్న బంధువుల తోటకు వెళ్తే, నీడ చెట్లు నరికిన వైపు మధ్యాహ్నం నిలబడలేకపోయాను. కోత ముగిసి నెల దాటినా కొమ్మలకు నల్లగా ఎండిన కాయలు వేలాడుతున్నాయి. ఒకటి తెంపి చూస్తే బొడ్డు దగ్గర గుండుసూది గుచ్చినంత రంధ్రం. చీలిస్తే గింజ పొడిపొడిగా రాలింది, నువ్వుగింజ కంటే చిన్న నల్లటి పురుగులు కదిలాయి. వచ్చే పంట మీద పడేవి అవే. కోత కాగానే చెట్టు మీదా నేల మీదా మిగిలిన ప్రతి కాయనూ ఏరించి, మరిగే నీటిలో ముంచి, పాతిపెట్టించాలి. ఆ కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. అమ్ముడుపోని కాయ కోసం గిరిజన రైతు కొండంతా ఎలా తిరుగుతాడు? ప్రతి పంచాయతీలో ఉష్ణమాపకం, ఎర పెట్టిన ఉచ్చులు ఉంచి, ఫిబ్రవరి నుంచి మే వరకు వారం వారం లెక్క రాయించాలి. నీడ పోయిన చోట ఈ వానలకే మొక్కలు నాటించాలి.

– ఒక పాఠకురాలు, పాడేరు