గడపకు వేసే పసుపు రంగులో సీసం ఎంతుందో చూసేదెవరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

దసరా దగ్గర పడింది. బతుకమ్మకు ఆడబిడ్డలు వచ్చేలోగా ఇల్లు కళకళలాడాలని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ వీధిలో చూసినా రంగుల పని నడుస్తోంది. గోడలకు సున్నమో డిస్టెంపరో ఎవరి స్తోమత కొద్దీ వాళ్లు వేయించుకుంటారు. దర్వాజలకు, కిటికీలకు, గేట్లకు, గడపలకు మాత్రం ఉన్నోళ్లయినా లేనోళ్లయినా వేసేది ఆయిల్ పెయింటే. ఆ డబ్బాలో ఏముందో, దాన్ని ఎలా గీకుతున్నామో, ఎలా వేస్తున్నామో మన దగ్గర పట్టించుకునేవాళ్లు కనపడక ఈ లేఖ రాస్తున్నాను. నేను అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా బాధంతా చిన్నపిల్లల గురించే.

ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని, అంటే కిలో పెయింట్‌లో 90 మిల్లీగ్రాములకు మించకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2016 నవంబర్ 1న నిబంధనలు తెచ్చింది. కంపెనీలకు ఏడాది గడువిచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లో పెట్టింది. తయారీకీ, దిగుమతికీ, అమ్మకానికీ అదే హద్దు. సీసం ఆ హద్దులోపే ఉందని డబ్బా మీద రాసి ఉండాలి కూడా. పేరున్న కంపెనీల డబ్బాల మీద ఆ మాట సన్న అక్షరాల్లోనైనా కనిపిస్తుంది. మా పట్టణంలోని హార్డ్‌వేర్ దుకాణాల్లో డబ్బాలు అటూ ఇటూ తిప్పి చూశాను. తక్కువ ధరకు వచ్చే కొన్ని ఎనామిల్ (తలుపులకు, ఇనుముకు వేసే నిగనిగలాడే పెయింట్) డబ్బాల మీద సీసం ఊసే లేదు. కొన్నిటి మీద ఇండస్ట్రియల్ అని ఉంది. యంత్రాలకు, ఫ్యాక్టరీ సామాన్లకు వేసే పెయింట్లకు ఈ 90 పీపీఎం నిబంధన వర్తించదు. అలాంటి డబ్బాలనే ఇంటి తలుపులకని అడిగినా ఇస్తున్నారు. "అందరూ ఇదే తీసుకపోతున్నరమ్మా, ఏం కాలేదు" అన్నాడు దుకాణంలో కుర్రాడు. అతన్ని తప్పుపట్టను. అతనికి చెప్పిన అధికారి ఎవరూ లేరు.

పెయింట్‌లో సీసం ఎందుకు కలుపుతారంటే, రంగు నిగనిగలాడుతుంది, తొందరగా ఆరుతుంది, ఇనుముకు తుప్పు పట్టకుండా ఆపుతుంది. ఆయిల్ పెయింట్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ పని వేగంగా జరగడానికి సీసం లవణాలు వాడేవాళ్లు. ఇప్పుడు వాటి బదులు జిర్కోనియం, కాల్షియం లవణాలు ఉన్నాయి. మంచి కంపెనీలు వాటితోనే చేస్తున్నాయి. అసలు సమస్య పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో. నిమ్మపండు పసుపు నుంచి కాషాయం దాకా చవగ్గా, ఎండకు వెలవకుండా ఇచ్చేది లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన పొడి. అందుకే ఎక్కడ పరీక్షలు చేసినా ఎక్కువ సీసం బయటపడేది ఈ రంగుల్లోనే.

మరి మన ఇళ్లలో ఆ పసుపు ఎక్కడుంటుంది? గడప మీద. రోజూ పసుపు రాసి బొట్లు పెట్టే తీరిక లేక, గడపకు పసుపుపచ్చ ఆయిల్ పెయింట్ వేసి దాని మీద ఎర్ర బొట్లు, తెల్ల ముగ్గులు వేయించడం మన పల్లెల్లో, బస్తీల్లో ఇంటింటా ఉన్నదే. పాకే పిల్ల ఇంట్లో మొదట చేరేది గడప దగ్గరికే. రెండు చేతులతో దాన్ని పట్టుకుని లేచి నిలబడుతుంది. పళ్లు వచ్చే వయసులో దాని అంచును కొరుకుతుంది కూడా. మనుషులు తొక్కితొక్కి గడప మధ్యలో రంగు అరిగిపోయి ఉంటుంది. అరిగిన రంగంతా దుమ్మై అక్కడే నేల మీద పడుతుంది. ఆ దుమ్ములో ఆడిన చేయి నోట్లోకి వెళ్తుంది. అంగన్‌వాడీ సెంటర్ మెట్ల దగ్గర, మున్సిపల్ పార్కు ఊయల గొలుసుల దగ్గర, జారుడుబండ పక్క కమ్ముల దగ్గర జరిగేదీ ఇదే. పిల్లలకు ఇష్టమని ఎరుపు, పసుపు ఏరి మరీ వేస్తారు.

సీసం ఇంత మోతాదు వరకు ఒంటికి పర్వాలేదని చెప్పే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. మెదడు ఎదిగే వయసులో అది చేసిన నష్టం తర్వాత మందులతో పూడదు. పిల్లాడికి చదువు ఎక్కకపోతే, కుదురుగా కూర్చోలేకపోతే తెలివి లేదనో అల్లరనో అనుకుంటాం. రక్తపరీక్ష చేయిస్తే తప్ప సీసం సంగతి బయటపడదు. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లలు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున లేస్తే అలాంటి పిల్లలనే చూసిన నాకు ఈ రెండు ముక్కలు కలిపి ఆలోచిస్తే భయమేస్తుంది. గర్భిణులకూ ముప్పే. ఎప్పుడో ఎముకల్లో చేరిన సీసం గర్భంతో ఉన్నప్పుడు రక్తంలోకి దిగి కడుపులోని బిడ్డకు చేరుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కంటికి కనపడకుండానే తరాల ఎముకలను వంచేసింది. రంగూ రుచీ లేని విషం ఎలా ఉంటుందో నల్లగొండ జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కొత్త డబ్బా కంటే పాత పెయింట్ ప్రమాదం పెద్దది. మన పాత ఇళ్ల టేకు దర్వాజల మీద ఏళ్ల తరబడి వేసిన కోట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిలో చాలా వరకు 2017కు ముందువే. కొత్త రంగు వేసే ముందు పెయింటర్ వాటిని బ్లేడుతో గీకి, ఎమరీ పేపర్‌తో పొడిపొడిగా రుద్దుతాడు. గాలిలో లేచిన ఆ సన్న దుమ్ము వంటగిన్నెల మీదా, పరుపుల మీదా, మంచినీళ్ల బిందె మీదా పడుతుంది. సాయంత్రం ఇంటావిడ చీపురుతో ఊడుస్తుంది. పడుకున్న దుమ్మును మళ్లీ లేపినట్టే. నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దితే దుమ్ము పెద్దగా లేవదు. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులన్నీ దానిలోనే చుట్టి కట్టేసి, నేలను తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిస్తే చాలు. పెద్ద ఖర్చేమీ లేదు. ఆ పని నడిచినన్ని రోజులు చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్న ఆడపిల్లను ఆ గదుల్లోకి రానివ్వకూడదు. పండక్కి పుట్టింటికొచ్చిన గర్భిణి ఈ దుమ్ములోనే పడుకుంటున్న ఇళ్లు నేను చూశాను.

ఇంకొకటి. పాత ఇల్లు విప్పినప్పుడు రంగు పట్టిన దర్వాజ చెక్కలను, కిటికీ రెక్కలను కట్టెల కింద వాడేస్తున్నాం. స్నానాల నీళ్లు కాగే పొయ్యిలో అవి మండితే సీసం పొగలో కొంత పోతుంది, బూడిదలో కొంత మిగులుతుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఈ పని మానండి.

పెయింటర్ల గతి చెప్పేదేముంది! పాలమూరు నుంచి హైదరాబాద్‌కు, ముంబైకి పనికి పోయే కుర్రాళ్లలో రంగుల పనివాళ్లూ ఉన్నారు. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా గీకుతారు, టర్పెంటైన్‌తో చేతులు కడుక్కుని అదే చేత్తో సద్ది తింటారు. ఒంటి మీది బట్టలతోనే ఇంటికెళ్లి బిడ్డను ఎత్తుకుంటారు. వాళ్లకు మాస్కు, సబ్బు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఉండేలా చూడాల్సింది పని ఇచ్చేవాళ్లే. తలుపులు మూసిన గదిలో ఆ టర్పెంటైన్ వాసనకు తల తిరగడం, వాంతులు కావడం మామూలే. దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా పెట్రోలియం సరుకు, మంటను ఇట్టే అందుకుంటుంది. పెయింట్ పని జరిగే చోట బీడీ వెలిగించనివ్వకండి.

ఆయిల్ పెయింట్‌ను పూర్తిగా మానేయమని నేననడం లేదు. ఇనుప గేటుకు, కిటికీ గ్రిల్లుకు వానను, తుప్పును తట్టుకునే పెయింట్ కావాలి. నూనె చేతులు, పసుపు చేతులు పడే వంటింటి తలుపు తుడిస్తే శుభ్రపడాలి. 90 పీపీఎం లోపలి ఎనామిల్ ఈ పనులన్నీ చేస్తుంది. ఇప్పుడు నీళ్లతో కలిపే ఎనామిల్ కూడా దొరుకుతోంది. వాసన తక్కువ, ఆరడం తొందర. గోడలకు మాత్రం ఆయిల్ పెయింట్ ఎందుకో నాకు అర్థం కాదు. కొత్త సిమెంట్ ప్లాస్టరింగ్‌లోని సున్నపు గుణం దాన్ని తినేస్తుంది, గోడలో చెమ్మ ఉంటే బొబ్బలెక్కి పెచ్చులు ఊడతాయి. ఆ పెచ్చులు రాలేది మళ్లీ పిల్లలు ఆడుకునే నేల మీదే.

ఇక బడుల సంగతి. 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన మన ఊరు-మన బడి అనే సర్కారు బడుల బాగు పథకం కింద చాలా ప్రభుత్వ బడులకు రంగులు పడ్డాయి. ఇప్పుడు కూడా ఏటా ఎండాకాలం, దసరా సెలవుల్లో ఎక్కడో ఒకచోట పని జరుగుతూనే ఉంటుంది. నేను చూసిన బడుల్లో పిల్లలు ఆనుకుని కూర్చునే ఎత్తు వరకు గోడకు ఆయిల్ పెయింట్ వేశారు, మరకలు పడవని. ఏ పెయింట్ కొంటున్నారు, దాని పరీక్ష రిపోర్టు ఎక్కడ అని అడిగే వాళ్లు లేరు. బిల్లులో లీటర్లు, రేటు రాస్తే సరిపోతోంది. కాంట్రాక్టరు తక్కువ ధర డబ్బా తెస్తాడు, సంతకం అయిపోతుంది.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట, గద్వాల కలెక్టర్లను నేను కోరేది ఇదే. కాలుష్య నియంత్రణ మండలి, తూనికలు కొలతల శాఖ వాళ్లను కలిపి ఒకసారి దుకాణాలకు పంపండి. సీసం మాట లేని డబ్బాలను పక్కన పెట్టించండి. పసుపు, ఎరుపు, నారింజ రంగుల శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపండి. బడి, అంగన్‌వాడీ, పీహెచ్‌సీ, పార్కు పనులకు 90 పీపీఎం లోపని ల్యాబ్ రిపోర్టు జత చేయనిదే బిల్లు పాస్ కాకూడదని రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి. పాత రంగు గీకాల్సి వస్తే తడిపి గీకాలని, పిల్లలు తిరిగి వచ్చే లోపు గదులు తడిగా తుడిచి గాలి ఆడనివ్వాలని ఆ ఆర్డర్‌లోనే చేర్చండి. ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు గర్భిణుల ఇళ్లకు ఎలాగూ వెళ్తారు. ఇంట్లో రంగుల పని నడుస్తోందా అని ఒక్క మాట అడగమని వాళ్లకు చెప్పండి.

సంపాదకుడు గారూ, శాంపిళ్ల ఫలితాలు వచ్చాక ఏ రకం డబ్బాలో ఎంత సీసం ఉందో మీ జిల్లా పేజీల్లో అంకెలతో సహా వేయండి. సంక్రాంతికి మళ్లీ ఇళ్లకు రంగులు వేస్తారు. ఆ లోపు వస్తే జనం డబ్బా చూసి కొనుక్కుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా