లాలీ ఒకరు కాదు, ఇద్దరు

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో వందవాసి యుద్ధం (1760లో ఫ్రెంచివారు ఇంగ్లీషువారి చేతిలో ఓడినది) మీద వేసిన వ్యాసం బాగుంది. అయితే అందులో ఫ్రెంచి సేనాపతి కౌంట్ లాలీ గురించి పక్కన ఇచ్చిన పెట్టెలో తండ్రీ కొడుకులు కలిసిపోయారు. 1766లో రాజు ప్రయోజనాలకు ద్రోహం చేశాడన్న తీర్పుతో తల తెగిన మనిషి 1789లో ఫ్రాన్స్ సభలో ప్రసంగించినట్టు రాశారు. పైగా ‘తరతరాల ఫ్రెంచి ప్రభువంశం’ అన్నారు.

ఆ వంశం ఐర్లండుది. గాల్వే ప్రాంతంలో ట్యూమ్ దగ్గరి తుల్లగ్‌నడాలీ వాళ్ల ఊరు. ఫ్రాన్స్‌లో అదే తొలెందాల్ అయింది. పదవి పోయిన ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ పక్షాన పోరాడి ఓడిన ఐరిష్ సైనికులు 1691 లిమరిక్ ఒప్పందం తర్వాత వేలల్లో ఫ్రాన్స్ చేరారు. ఐరిష్ వలస సేనలకు చెందిన డిల్లన్ రెజిమెంటు అధికారి జెరార్డ్ లాలీ, దోఫినే ప్రాంతపు బ్రెసాక్ వారి ఆడపడుచును పెళ్లాడాడు. వారి కొడుకు తోమా ఆర్తర్ 1702 జనవరిలో రొమాన్ పట్టణంలో పుట్టాడు. మనకు తెలిసిన లాలీ ఇతడే. 1758లో పాండిచ్చేరిలో దిగి, హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ దగ్గరున్న ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలిపించాడు. దాని ఫలితం కోస్తా జిల్లాల్లోనే కనిపించింది: ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారికి దక్కింది.

కొడుకు త్రోఫీమ్ జెరార్ 1751లో పారిస్‌లో పుట్టాడు. పెళ్లి కాకముందు పుట్టిన బిడ్డ. తండ్రి తర్వాత తన సంతానంగా ఒప్పుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఇంటిపేరు లేకుండా ఒట్టి త్రోఫీమ్‌గానే పెరిగాడు. తన తండ్రి ఎవరో తెలిసింది ఆ తండ్రి మరణశిక్ష నాడే. రచయిత వోల్టేర్ అండతో పోరాడి, 1778లో తండ్రి మీది పాత తీర్పును రద్దు చేయించాడు. మీ వ్యాసం ఇక్కడ ‘నిర్దోషిగా తేల్చారు’ అంది. అది సరికాదు. తీర్పు రద్దయి కేసు రువాఁ కోర్టుకు వెళ్లింది. అక్కడ ఎదురు నిలిచినవాడు దెప్రెమెనిల్. పాండిచ్చేరి పాత గవర్నరు లెరీకి సోదరుడి కొడుకు, పుట్టింది కూడా పాండిచ్చేరిలోనే. చివరికి లాలీని మళ్లీ దోషిగానే తేల్చారు. ఫ్రెంచి న్యాయమూర్తులెవరూ లాలీని పూర్తిగా నిర్దోషి అనలేదు.

ఇలాంటి వంశాల మీద రాసేవారు తేదీల దగ్గర జాగ్రత్తపడాలి. 1752 దాకా ఇంగ్లండు పాత (జూలియన్) పంచాంగమే వాడింది. ఫ్రాన్స్ వాడిన కొత్త పంచాంగానికీ దానికీ 18వ శతాబ్దంలో తేడా 11 రోజులు. లాలీ పాల్గొన్న ఫోంతెన్వా యుద్ధం ఫ్రెంచి లెక్కన 1745 మే 11, ఇంగ్లీషు కాగితాల్లో ఏప్రిల్ 30. రెండూ ఒకటే అని గుర్తించక రెండు యుద్ధాలు చేసేవాళ్లున్నారు. రెండోది, చర్చి రిజిస్టరు. అందులో పెద్ద అక్షరాల తేదీ బాప్తిస్మానిది కావచ్చు. పుట్టిన రోజు ‘నిన్న పుట్టాడు’ అని లోపలి వాక్యంలో దాగి ఉంటుంది.

ఫ్రాన్స్‌లో ఈ రిజిస్టర్లు రెండు ప్రతులు రాసేవారు, ఒకటి చర్చికి, ఒకటి కోర్టుకు. ఊళ్లలో ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది కాబట్టి, రొమాన్‌లో పుట్టిన తండ్రి వివరాలకు దారి ఉంది. పారిస్‌లో మాత్రం 1871 మేలో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు నాటి మంటల్లో రెండు చోట్లా రెండు ప్రతులూ కాలిపోయాయి. తర్వాత కుటుంబ కాగితాల ఆధారంగా తిరిగి రాసింది మూడో వంతే. కొడుకు పుట్టుక గురించి ఎవరైనా ‘అసలు రిజిస్టరు చూశాం’ అంటే నమ్మకండి.

ఐరిష్ వంశవృక్షాల సంగతి ఇంకొంచెం మొహమాటమైనది. ఫ్రాన్స్‌లో అధికారి పదవికి, రాజాస్థానంలో ప్రవేశానికి ప్రభువంశంలో పుట్టినట్టు పత్రం కావాల్సి వచ్చేది. అవసరం పడ్డప్పుడు తయారైన వంశావళులు పూర్వకాలపు రాజుల దాకా ఎగబాకుతాయి. వాటిలో తాత తరం వరకు నమ్మొచ్చు, ఆపైన ప్రతి పేరుకూ వేరే ఆధారం అడగాలి.

సవరణ వేస్తే ఇద్దరి పేర్లూ విడివిడిగా ఇవ్వండి. చిత్రం కింద వేసిన 1830 కొడుకు మరణ సంవత్సరం. తండ్రిది 1766 మే 9.

ఇట్లు,
కొందరు చరిత్ర పాఠకులు, మచిలీపట్నం