సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక: భువనగిరి పరిచయ పుస్తకం వచ్చిన సంవత్సరం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారాలు.

సంఘం ఆశయాలు మీకందరికీ తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. వేసవి చలివేంద్రం, మొక్కల పంపిణీ, కంటి వైద్య శిబిరం, పదో తరగతి పిల్లలకు సాయంత్రపు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. చలివేంద్రానికి కుండలు ఇచ్చినవారికి, రోజూ వాటిని కడిగి నింపించిన బస్టాండు దగ్గరి దుకాణదారులకు, సెలవులు మానుకుని పాఠాలు చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయులకు సంఘం రుణపడి ఉంటుంది.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం మన పట్టణ పరిచయ పుస్తకం. హైదరాబాదుకు యాభై కిలోమీటర్లలోపే ఉన్నాం. 163వ జాతీయ రహదారి మీద వచ్చే కార్లు యాదగిరిగుట్టకు పోతాయి, 2024 నుంచి స్వర్ణగిరి గుడికీ పోతున్నాయి. మన కోట గుట్టను కిటికీలోంచి చూసి, ఒక ఫొటో తీసుకుని సాగిపోయేవారే ఎక్కువ. వారి సంగతి అటుంచి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకైనా ఊరి సంగతులు తెలియాలి కదా అని నిరుటి సమావేశంలో అనుకున్నాం. అనుకున్నది చేసి చూపించాం.

జనాభా దగ్గరే మొదటి పేచీ వచ్చింది. 2011 లెక్కల్లో సుమారు 53 వేలు. తర్వాత 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయ్యాం. రాయగిరి లాంటి పక్క ఊళ్ళు పురపాలికలో కలిశాయి, వార్డులు 35 అయ్యాయి. ఇప్పుడు ఎంతమందిమో ఎవరికి తోచిన అంకె వారు చెప్పారు. చివరకు 2011 అంకెనే వేసి, సంవత్సరం పక్కన రాశాం.

కోటకు పేజీలు ఎక్కువే ఇచ్చాం, ఇవ్వాలి కూడా. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన ఈ కోట కింద ఉన్నది ఒకే బండ. ఎత్తు దాదాపు 500 అడుగులు, విస్తీర్ణం 40 ఎకరాలు. కాకతీయుల కాలం, 1708లో సర్వాయి పాపన్న దాడి, పైనున్న బారాదరి (చుట్టూ ద్వారాలుండే మండపం), నీటి గుంటలు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. గోలకొండ దాకా సొరంగం ఉందన్న సంగతిని మాత్రం ‘జనం చెప్పుకునే మాట’ అనే వేశాం. ఇందుకు సంఘంలోని ఇద్దరు పెద్దలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు. ఆధారం తెచ్చి ఇస్తే రెండో ముద్రణలో మార్చడానికి అభ్యంతరం లేదు.

నాకు బాగా నచ్చింది 1944 నాటి పేజీ. నిజాం పాలనలో తెలంగాణ తెలుగువారు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ పదకొండో సభ ఇక్కడే జరిగింది. పక్కనున్న బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. సామాన్యులందరూ చేరాలని సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు తగ్గించింది ఆ సభలోనే. మన చందా బకాయిల జాబితా చూసినప్పుడల్లా, అణాకు దించినా మనవాళ్ళు వచ్చే నెల ఇస్తామనేలా ఉన్నారని కోశాధికారి గారు నవ్వుతూనే అంటున్నారు.

పుస్తకావిష్కరణను కోట మీదే పెట్టాం. ఉదయం ఆరింటికి మెట్ల దగ్గర కలుద్దామని వాట్సాప్ బృందంలో రాస్తే బొటనవేళ్ళు వరసగా పడ్డాయి. తీరా చూస్తే వచ్చినవారు ఒక ఆటోలో పట్టేంత మంది. నలభై దాటిన మహిళా సభ్యులు ఇద్దరు పుస్తకాల కట్టలు మోసుకుంటూ ఎక్కితే, యువజన విభాగం ఎనిమిదింటికి టిఫిన్ల వేళకు చేరింది. పేర్లు రాయడం లేదు, ఎవరికి వారికి తెలుసు. పరువు నిలబెట్టింది ప్రభుత్వ పాఠశాల పిల్లలే. రాత్రి కురిసిన జల్లుకు బండ జారుతుంటే ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని, మరో చేత్తో గోనెసంచి లాక్కుంటూ, దారి పొడవునా నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు ఏరారు. పైన గుంటలో తేలుతున్న చెప్పును కర్రతో ఒడ్డుకు లాగేదాకా ఒక కుర్రాడు కదల్లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండలెక్కడం నేర్చుకున్నది ఈ గుట్ట మీదేనన్న పేజీని తొమ్మిదో తరగతి అమ్మాయి చదివి వినిపించింది. చదివాక కిందికి తొంగిచూసి, ‘ఇక్కడినుంచేనా సార్?’ అని అడిగింది.

ముద్రణ ఖర్చులో సగం వదులుకున్న ప్రెస్సు యజమానికి, అచ్చుతప్పులు దిద్దిన తెలుగు పండితులకు, పాత ఫొటోలు ఇచ్చిన కుటుంబాలకు, ఉప్మా పంపిన టిఫిన్ సెంటరు వారికి, పిల్లలను పంపిన ప్రధానోపాధ్యాయులకు, మైకు ఉచితంగా ఇచ్చినవారికి ధన్యవాదాలు.

మెట్ల దగ్గర చరిత్ర తెలిపే బోర్డు పెడతామని, ఖర్చు మేమే భరిస్తామని ఒక కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చాం. ఫైలు పైకి వెళ్ళిందన్నారు, తర్వాత కిందికి వచ్చిందన్నారు, ఇప్పుడు మళ్ళీ దరఖాస్తు పెట్టమంటున్నారు. బోర్డు రాయించి సిద్ధంగా ఉంది, గ్రంథాలయం గోడకు ఆనించి పెట్టాం. హైదరాబాదు లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఘట్‌కేసర్ దాటి మన వైపు రావాలని ఈసారీ వినతిపత్రం ఇచ్చాం, రసీదు తీసుకున్నాం.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. తనిఖీ అయింది, సంతకాలు పడ్డాయి. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు.

మిగిలిన పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, బకాయి చెల్లించిన సభ్యులకు ఒక ప్రతి ఉచితం. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు భోజనాలకు ముందే తీసుకుంటాం. నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి