అరవై నాలుగు మెయిల్‌బాక్సులు కొత్త సర్వర్‌కి క్షేమంగా చేరాయి: పెరంబూరు సార్‌కీ, తమ్ముడికీ, అక్కకీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. సోమవారం ఉదయం తొమ్మిదింటికి చెన్నై అంబత్తూరులోని మా ఆఫీసులో అందరి ఔట్‌లుక్‌లూ (మెయిల్ చదివే ప్రోగ్రాం) తెరుచుకున్నాయి. అరవై నాలుగు మెయిల్‌బాక్సులు, 2011 నుంచి పోగైన ఉత్తరాలు. ఫోల్డరు ఫోల్డరుకీ లెక్క చూసుకున్నాం, ఒక్కటీ పోలేదు. ఈ మూడు వారాల్లో అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోకుండా ఎత్తిన వాళ్లకి నోటితో థాంక్స్ చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. అందుకే నలుగురిలో రాస్తున్నాను.

మా కంపెనీ ఇంతకాలం ఒక పెద్ద గ్రూపులో భాగం. ఈ ఏడాది విడిపోయింది. నెలాఖరులోగా తమ నెట్‌వర్క్ డొమైన్ (ఒకే అదుపులో ఉండే కంప్యూటర్లు, అకౌంట్ల గుంపు) ఖాళీ చేయాలని గ్రూపు వాళ్లు కబురు పెట్టారు. మెయిల్ అడ్రసులు మావే, మారవు. కానీ మా మెయిల్ సర్వర్, మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఎక్స్ఛేంజ్ 2010, ఆ డొమైన్‌లోనే పుట్టి పెరిగింది. నేను వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది: ఆదివారం సర్వర్‌ని పాత డొమైన్ నుంచి తీసేసి కొత్త డొమైన్‌లో చేర్చడం. మామూలు కంప్యూటర్లకి రోజూ చేసే పనే కదా అనుకున్నాను.

శనివారం రాత్రి ఎందుకో మనసు పీకి, పెరంబూరులో ఉండే ఒక పెద్దాయనకి ఫోన్ చేశాను. నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి చెన్నైలో స్థిరపడ్డారు, సర్వర్ల పనిలోనే రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి పెరంబూరు సార్ అనే అంటాను. నేను చెప్పిందంతా విని ఆయన అన్న మొదటి మాట: "పాత సర్వర్‌ని ముట్టుకోవద్దు, అబ్బాయ్. నేను చెప్పేదాకా దాని జోలికి పోవద్దు."

ఆ తర్వాత నిదానంగా వివరించారు. ఎక్స్ఛేంజ్ తన సెట్టింగులు తన దగ్గర పెట్టుకోదు. ఏ మెయిల్‌బాక్స్ ఎవరిది, ఏ డేటాబేసు ఎక్కడుంది, దాదాపు అన్నీ యాక్టివ్ డైరెక్టరీలోనే, అంటే డొమైన్ చిట్టాలోనే ఉంటాయి. డొమైన్ నుంచి పీకేస్తే డిస్కులో ఉత్తరాలు ఉంటాయి గానీ వాటిని తెరిచే సర్వీసులు లేవవు. ఎక్స్ఛేంజ్ ఉన్న మెషీన్‌ని వేరే డొమైన్‌కి మార్చడాన్ని మైక్రోసాఫ్ట్ అసలు సపోర్ట్ చేయదు. కొత్త డొమైన్‌లో కొత్త సర్వర్ కట్టుకుని, పాతది నడుస్తుండగానే సరుకు మోసుకురావాలి. 2010 వెర్షన్‌కి సపోర్ట్ 2020 అక్టోబర్ 13తోనే ఆగిపోయింది కాబట్టి కొత్తది ఎలాగూ కావాలి. ఆ ఒక్క ఫోన్ చేయకపోయి ఉంటే మర్నాడు ఆదివారం ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

రెండు డొమైన్లకీ మధ్య దారి వేస్తే మెయిల్‌బాక్సులు నేరుగా జరపవచ్చు. దానికి గ్రూపు వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని ఒక్కో మెయిల్‌బాక్సునీ పీఎస్టీ ఫైలుగా (ఔట్‌లుక్ మెయిల్స్ దాచే ఫైలు) దింపి, డిస్కు మీద మోసి, అవతల ఎక్కించాం. నేను అడ్మినిస్ట్రేటర్‌నే అయినా ఎక్స్‌పోర్ట్ కమాండ్ కనిపించలేదు. దానికి కావాల్సిన రోల్ (అనుమతి) ఎవరికీ ముందుగా ఇచ్చి ఉండదట, మనమే కేటాయించుకోవాలి. ఇది సార్ ఫోన్‌లోనే తేల్చేశారు. తిరువాన్మియూరులో పనిచేసే మా కర్నూలు తమ్ముడు తన సెలవు రోజున ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి రెండు డిస్కులు కొని, లోకల్ ట్రైన్‌లో అంబత్తూరు దాకా తెచ్చిచ్చాడు. రెండెందుకురా అంటే, "ఒకటి పడిపోతే ఏం చేస్తావన్నా?" అన్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఇదే దారిలో వెళ్లే వాళ్లకి పనికొస్తుంది.

ట్రయల్ కోసం మా అకౌంట్స్ అక్క మెయిల్‌బాక్సూ, మరో ఇద్దరివీ ముందుగా కొత్త సర్వర్‌లో ఎక్కించాం. కొత్త మెయిల్ రాస్తే వెళ్తోంది. పాత మెయిల్‌కి రిప్లై ఇస్తే తిరిగొస్తోంది. మనిషి అదే, అడ్రసు అదే. అక్క ప్రతిసారీ ఏ మెయిల్, ఎన్ని గంటలకి, ఎవరికి పంపితే తిరిగొచ్చిందో ఒక కాగితం మీద రాసిపెట్టింది. రెండు రాత్రులు నాకేమీ అర్థం కాలేదు. మూడో రాత్రి ఆ కాగితం ముందు పెట్టుకుని సార్‌కి చదివి వినిపించాను. పాత డొమైన్‌లో లోపల నడిచిన మెయిల్స్ మాత్రమే తిరిగొస్తున్నాయని విన్న వెంటనే ఆయన, తిరుగుటపా మెసేజీలో చిరునామా ఎలా ఉందో అక్షరం అక్షరం చదవమన్నారు. ఐఎంసీఈఏఈఎక్స్ అని మొదలై బారెడు పొడవుంది. "అండర్‌స్కోర్ ఉన్నచోట స్లాష్ రాయి. ప్లస్ 20 ఉన్నచోట ఖాళీ వదులు. ప్లస్ 28 అంటే బ్రాకెట్ తెరిచినట్టు, ప్లస్ 29 అంటే మూసినట్టు" అంటూ ఆయన చెప్పుకుపోతుంటే నేను రాసుకుంటూ పోయాను. చివరికి కాగితం మీద మా పాత సంస్థ పేరుతో సహా ఒక పూర్తి చిరునామా తేలింది.

ఎక్స్ఛేంజ్ లోపలి ఉత్తరాల్లో మనకి కనిపించే మెయిల్ అడ్రసు కాకుండా, లెగసీ ఎక్స్ఛేంజ్ డీఎన్ అనే పాత ఇంటి నంబరు ఉంటుంది. రిప్లై ఇస్తే ఔట్‌లుక్ ఆ నంబరుకే పంపుతుంది. కొత్త డొమైన్‌లో ఆ ఇల్లే లేదు. మందు ఏమిటంటే, పాత సర్వర్ నుంచి అందరి డీఎన్‌లూ తీసుకుని, కొత్త మెయిల్‌బాక్సులకి ఎక్స్500 అడ్రసులుగా కలపడం, అంటే పాత ఇంటి నంబరుకి వచ్చినా కొత్త ఇంటికే చేరేలా చేయడం. తమ్ముడు అరవై నాలుగింటికీ చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాడు. అక్క మళ్లీ రిప్లై నొక్కింది. ఈసారి తిరిగి రాలేదు. అర్ధరాత్రి దాటింది, ఆఫీసులో నేనొక్కణ్ణే, ఫోన్‌లో అవతల అక్క, ఇంకో లైనులో సార్. ఆ క్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి.

సర్వర్‌కి మెయిల్ ఇచ్చేది మనుషులే కాదని కూడా సారే గుర్తు చేశారు. వారం రోజులు లాగ్ (ఎవరు మెయిల్ ఇస్తున్నారో రాసుకునే చిట్టా) ఆన్ చేసి చూస్తే ఆరు మెషీన్లు పాత సర్వర్ ఐపీని (నెట్‌వర్క్ నంబరు) పట్టుకుని ఉన్నాయి: స్కానర్లు, యూపీఎస్, గేటు దగ్గర లారీల కాటా కంప్యూటర్. కాటా సంగతి నాకు తెలియనే తెలియదు. దాన్ని వదిలేసి ఉంటే సోమవారం బరువు చీటీలు ఎవరికీ అందేవి కావు.

మార్పు రోజు పని ఆ మాత్రం టెన్షన్ పెట్టలేదు. మా మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో బయటివాళ్లకి చెప్పేది ఎమ్మెక్స్ రికార్డు, దాన్ని వాళ్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేది టీటీఎల్. మూడు రోజుల ముందే ఆ టీటీఎల్‌ని 24 గంటల నుంచి 5 నిమిషాలకి తగ్గించాం. శుక్రవారం సాయంత్రం పాత సర్వర్‌లో బయటి మెయిల్స్ వచ్చే ద్వారం, 25 పోర్టు, మూశాం. మధ్యలో వచ్చే మెయిల్స్ ఏమవుతాయని మా మేనేజర్ కంగారు పడ్డారు. మనం అందుకోకపోతే పంపేవాళ్ల సర్వర్ సాధారణంగా నాలుగైదు రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుందని సార్ ఆయనకి స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. కొత్త ఇంటర్నెట్ లైనుకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నంబరు ఏ సర్వర్ పేరుదో చెప్పే రికార్డు) పెట్టడం మన చేతిలో ఉండదు, లైను ఇచ్చినవాళ్లే పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంటోంది. ఆ కంపెనీ ఇంజనీర్ తమిళాయన, శనివారం ఇంటి నుంచే పని పూర్తి చేసిచ్చారు. రొంబ నన్రి (చాలా థాంక్స్), సార్.

నిద్రలేని ఈ మూడు వారాలూ ఇంటి పని మొత్తం మోసి, రాత్రి పదకొండుకి కూడా క్యారియర్ పంపించిన నా భార్యకి కూడా థాంక్స్.

పెరంబూరు సార్, ఫీజు మాట ఎత్తితే మీరు ఫోన్ పెట్టేశారు. పాత సర్వర్‌ని మీరు చెప్పినట్టే ఆపి, చెరిపేయకుండా, తేదీ రాసిన చీటీ అంటించి ర్యాక్‌లోనే ఉంచాను. మూడు నెలలు ముట్టుకోను. ఆదివారం ఉదయం మేమిద్దరం మీ ఇంటికి వస్తున్నాం, అమ్మగారితో చెప్పండి. మీ నోట్‌బుక్ నా దగ్గరే ఉండిపోయింది.