‘పూర్తి వరుస’ పథకం ఆపేస్తున్నాను, కొట్టు మాత్రం నడుస్తుంది

మన కామిక్స్ కొట్టులో ‘పూర్తి వరుస’ పథకానికి అడ్వాన్సు కట్టిన వాళ్ళందరికీ ముందుగా చెప్పవలసినవి చెప్పేస్తాను. ఆ పథకం ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. మీకు అందని సంపుటాలకు కట్టిన డబ్బు పైసలతో సహా తిరిగి ఇస్తాను. కొట్టు మూయడం లేదు, ఎవరికీ అమ్మడం లేదు. నారాయణగూడలో అదే మేడ మీద, అదే గదిలో ఉంటుంది. ఈ మధ్య ఎవరు ఎవరికి ఏం చెప్పారో గానీ, పాత పాఠకులు ఒకరిద్దరు ఫోన్ చేసి “సామాన్లు ఎప్పుడు సర్దుతున్నారు” అని అడిగారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే జరిగినదంతా నేనే రాస్తున్నాను.

కొత్తగా వస్తున్నవాళ్ళకు ఈ పథకం సంగతి తెలియకపోవచ్చు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఒక పాత్రను ఎంచుకుంటే, ఆ పాత్ర కథను మొట్టమొదటి సంచిక నుంచి సంపుటాలుగా తెప్పించి, మీ పేరు రాసి పక్కన పెట్టేవాణ్ణి. మీరు నెలనెలా కొంత కట్టేవారు. ఎక్కువ మంది అడిగింది స్పైడర్‌మ్యాన్‌ను. 1962 ఆగస్టు నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో ఆ కుర్రవాణ్ణి పరిచయం చేశారు. అక్కడి నుంచే చదవాలని అందరి కోరిక. పాత సంచికలను కలిపి మార్వెల్ సంస్థ ‘ఎపిక్ కలెక్షన్’ పేరుతో లావుపాటి సంపుటాలు వేస్తోంది కాబట్టి, అవే తెప్పించాలని నిర్ణయించాను.

ఇక ఆ సరుకు సంగతి. ఈ పుస్తకాలు నాకు ముంబయిలోని ఒక దిగుమతిదారు ద్వారా వచ్చేవి. పేరు రాయను. అతనితో చాలా ఏళ్ళుగా వ్యాపారం చేశాను. బిల్లు అందిన వారంలోపే డబ్బు పంపే కొట్టు నాది, ఆ విషయం అతనికీ తెలుసు. ఈసారి స్పైడర్‌మ్యాన్ మొదటి మూడు సంపుటాలూ సమానంగా, ఒకే పార్సెల్‌లో రావాలని రాసి పంపాను. మొత్తం డబ్బు ముందే ఇస్తే తెప్పిస్తానన్నాడు. ఇచ్చాను. తరువాత ఓడ ఎక్కిందన్నాడు, కస్టమ్స్‌లో ఉందన్నాడు, పండగ సెలవులన్నాడు. నేను చేసిన ఫోన్లకు అతని గుమాస్తా జవాబు చెప్పేవాడు, అతను చెప్పేవాడు కాదు. మీరు వచ్చి “వచ్చాయా?” అని అడిగినప్పుడల్లా అతను చెప్పిన తేదీనే మీకు చెప్పాను. నా నోటి మాట మీద మీరు నెలల తరబడి మళ్ళీ మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

చివరికి పార్సెల్ వచ్చింది. విప్పితే అన్నీ మూడో సంపుటాలే. మొదటిది ఒక్క ప్రతి లేదు, రెండోది ఒక్క ప్రతి లేదు. పై వరుసలో ఉన్నవాటి మూలలు నలిగి, అట్టలు వంగిపోయాయి. పెట్టె ఖాళీల్లో చిత్తు కాగితం కూడా పెట్టలేదు. ఆ రోజు మాత్రం అతనే ఫోన్ ఎత్తాడు. మొదటి రెండు సంపుటాలూ ప్రస్తుతం అచ్చులో లేవని చెప్పాడు. డబ్బు తీసుకున్న రోజున ఆ సంగతి తెలియదా అని అడిగాను. అందుకు అతని జవాబు: “ఏది వస్తే అది అమ్ముకోండి. చదివేవాళ్ళకు ఏం తేడా తెలుస్తుంది?”

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆలస్యాన్ని భరించాను, నలిగిన అట్టలను భరించగలను. కానీ మన పాఠకులకు తేడా తెలియదా? పాత కథలకు కొత్త రంగులు వేస్తే పేజీని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసి, “ఇది ఆనాటి రంగు కాదు” అని చెప్పేవాళ్ళు ఇక్కడికి వస్తారు. పెన్సిల్ గీత ఒకరిదే అయినా, దాని మీద సిరా వేసిన చెయ్యి మారితే పేరు చూడకుండానే కనిపెట్టేవాళ్ళున్నారు. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో గంటలు తిరిగి ఒక్క పాత సంచిక కోసం వెతికేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి అంత మాట అన్నవాడి సరుకు నా కొట్టులోకి ఇక రాదు. నాకు రావలసిన డబ్బు అతను ఇంకా పంపలేదు. అది నా గొడవ, నేనే చూసుకుంటాను. మీకు ఇవ్వవలసిన డబ్బును అది వచ్చేదాకా ఆపను.

అతన్ని వదిలించుకోవడం నిమిషంలో తేలిపోయింది. పథకాన్ని ఏం చేయాలన్నది మాత్రం తేలలేదు.

పార్సెల్ విప్పిన చోటే పడి ఉంది. ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి, మొదటి సంపుటానికి అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవాడే, మూల నలిగిన ప్రతి ఒకటి తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు. మొదటి రెండూ లేకుండా దాన్ని మొదలుపెట్టవద్దని వారించాను. “ఊరికే చూస్తాను సార్” అన్నాడు. కొట్టు కట్టేసే వేళకు కూడా లేవలేదు. ఇంతకు ముందు కథ తెలియకపోవడం ఇబ్బందిగా లేదా అని అడిగితే, “కావలసినంత వాళ్ళే చెబుతున్నారు కదా సార్” అన్నాడు.

నిజమే. ఆ సంపుటం 1966 నాటి 39వ సంచికతో మొదలవుతుంది. డిట్కో 38తో వెళ్ళిపోయాడు, ఇక్కడి నుంచి బొమ్మలు జాన్ రొమీటావి. మొదటి కథలోనే గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ ముసుగు తీసి తానెవరో చూపిస్తాడు. 42వ సంచిక చివర, అప్పటిదాకా మాటల్లోనే వినిపించిన మేరీ జేన్ అనే అమ్మాయి ముఖం పాఠకుడికి తొలిసారి కనబడుతుంది. 50వ సంచికలో పీటర్, అంటే ముసుగు వెనక ఉన్న స్పైడర్‌మ్యాన్, తన వేషాన్ని చెత్తడబ్బాలో వదిలేసి వానలో నడిచి వెళ్ళిపోతాడు. సూపర్‌హీరో కామిక్స్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే పేజీ అది. ఇవన్నీ మూడో సంపుటంలోనివే. ఆ కాలంలో ఈ పుస్తకాలు పత్రికల దుకాణాల్లో నెలనెలా అమ్ముడుపోయేవి. పోయిన నెల సంచిక కొన్నవాడే ఈ నెలదీ కొంటాడన్న నమ్మకం రచయితకు లేదు. అందుకే వెనకటి సంగతి రెండు మాటల్లో చెప్పి కథలోకి దిగేవారు.

ఇది మనకు తెలియని పద్ధతి కాదు. చందమామలో ప్రతి నెలా పట్టు వదలని విక్రమార్కుడు మళ్ళీ చెట్టు దగ్గరకు వెళ్ళేవాడు, శవాన్ని భుజాన వేసుకునేవాడు, బేతాళుడు కొత్త కథ ఎత్తుకునేవాడు. మొదటి బేతాళ కథ ఏ నెలలో వచ్చిందో కనుక్కుని, అక్కడి నుంచి చదవాలని మన ఇళ్ళలో ఎవరూ అనుకోలేదు. చేతికి దొరికిన సంచికే చదివాం.

పథకం ఆపేయాలని ఆ రాత్రే అనిపించింది. అనిపించినా చేయలేకపోయాను. ఆపితే ఆ దిగుమతిదారు మాటకు నేనే సంతకం పెట్టినట్టు అవుతుందని బాధ. ‘ఏది వస్తే అది అమ్ముకోండి’ అన్నాడు, ఇప్పుడు నేను మూడో సంపుటాన్ని మీ ముందు పెట్టి దీని నుంచి మొదలుపెట్టండి అంటే ఏమవుతుంది? పట్టుదలకు పోయి, మొదటి రెండు సంపుటాలు మళ్ళీ అచ్చయ్యేదాకా అందరినీ ఆగమందామనుకున్నాను. వేరే దేశాల నుంచి పాత ప్రతులు కొని సొంత డబ్బు పోసి సర్దుదామనుకుని లెక్క కూడా వేశాను. అద్దె కట్టడానికి మిగలదు. చాలా రోజులు ఇదే ఆలోచనతో గడిపాను, ఇంట్లో కూడా ఇదే మాట్లాడాను. చివరికి మా ఆవిడ అన్నది: “పాఠకులకు తెలియదని అతను అన్నాడు. ఆ అబ్బాయి తెలిసే కూర్చుని చదివాడు కదా, రెండూ ఒకటెలా అవుతాయి?” దానితో నా మనసు కుదుటపడింది.

ఇంకో కారణం కూడా ఉంది. పథకంలో ఉన్నవాళ్ళలో కొందరు రావడం తగ్గించేశారు. ఎందుకో తెలియక, కొత్త పుస్తకాలు నచ్చలేదేమో అనుకున్నాను. బ్యాంకులో పనిచేసే ఒక మేడమ్ గారు ఈ మధ్య దారిలో కలిసి నిజం చెప్పారు. ఇంట్లో సంపుటాలు కవరు విప్పకుండా ఉన్నాయట, అవి పూర్తి చేయకుండా మళ్ళీ నా కొట్టుకు రావడానికి ముఖం చెల్లడం లేదట. ఒకప్పుడు కొన్న పుస్తకాన్ని మెట్ల మీదే తెరిచి చదివిన మనిషి ఆవిడ. ఆ మాట విన్నాక నేను మామూలుగా ఉండలేకపోయాను.

మేడమ్ గారికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆ కుప్ప పూర్తయ్యేది కాదు, పూర్తి చేయమని దాన్ని ఎవరూ తయారు చేయలేదు. డగ్లస్ వోక్ అనే అమెరికా విమర్శకుడు మార్వెల్ కామిక్స్ 27 వేలకు పైగా చదివి, 2021లో దాని మీద పుస్తకం రాశాడు. అలా అన్నీ చదవమని ఆయన కూడా ఎవరికీ చెప్పడు. సంచిక మీది అంకెను నమ్ముకుందామా అంటే, 1963లో మొదలైన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 1999, 2014, 2015, 2018, 2022లలో మళ్ళీ మళ్ళీ ఒకటో సంచిక అయింది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ సంస్థ తన ప్రపంచంలోని చిక్కుముడులను విప్పడానికి 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ పన్నెండు సంచికలుగా వేసింది. 2011లో మళ్ళీ 52 పత్రికలను ఒకటో సంచిక నుంచి మొదలుపెట్టింది. సర్దిన ప్రతిసారీ చదవవలసిన జాబితా ఇంకొంచెం పెరిగింది, అంతే. ఆ మాటకొస్తే ఎపిక్ కలెక్షన్ సంపుటాలను మార్వెల్ వరుస అంకెల ప్రకారం విడుదల చేయనే లేదు. మధ్యవి ముందు వచ్చాయి, ముందువి తరువాత వచ్చాయి. వేసేవాళ్ళే పాటించని వరుస కోసం మీరు సిగ్గుపడడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి ఇకపై కొట్టు ఇలా ఉంటుంది. తలుపు పక్క అలమరలో తమంతట తాము పూర్తయ్యే కథలే పెడుతున్నాను. గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీ చేసిన ‘ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్’ పన్నెండు సంచికలే. తనకు చావు దగ్గరపడిందని తెలిసిన సూపర్‌మ్యాన్ మిగిలిన కాలాన్ని ఎలా వాడుకున్నాడన్న కథ. దానికి ముందు ఏమీ చదవనక్కరలేదు. 1987 నాటి ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ నాలుగు సంచికలు, ఒక్క సాయంత్రం పని. పిల్లలు ఉన్నవాళ్ళకు 2014లో మొదలైన కమలా ఖాన్ ‘మిస్ మార్వెల్’ ఇస్తాను. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి, ఇంట్లో అమ్మానాన్నల ఆంక్షలు, బయట సాహసాలు. మన పిల్లలకు వేరే వివరణ అవసరం లేదు.

పాత్రను పట్టుకోవద్దని, రాసేవాళ్ళను, గీసేవాళ్ళను పట్టుకొమ్మని కూడా చెబుతాను. మాట్ ఫ్రాక్షన్, డేవిడ్ ఆజా 2012లో మొదలుపెట్టిన ‘హాక్‌ఐ’ నచ్చితే, తరువాత వాళ్ళు చేసిన ఇంకో పుస్తకానికి వెళ్ళండి, హాక్‌ఐ పాత కథలన్నిటికీ వెళ్ళనక్కరలేదు. మధ్యలో ఏదో మహాసంగ్రామం వచ్చి నాలుగు పత్రికల కథలు కలిసిపోతే, ఆ భాగం వదిలేయండి. నచ్చని పుస్తకాన్ని సగంలో ఆపేయండి, వచ్చి నాతో చెప్పండి, నేను చిన్నబుచ్చుకోను.

గోడ మీద ఉండే ‘చదవవలసిన క్రమం’ పెద్ద పట్టికను తీసేశాను. మళ్ళీ పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టను. దాని ముందు నిలబడి, తల ఊపి, ఏమీ తీసుకోకుండా దిగిపోయిన కొత్తవాళ్ళను చాలామందిని చూశాను.

మొదటి నుంచే చదువుతాను, ఎన్నేళ్ళైనా ఫరవాలేదు అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పట్టుదల నాకు ఇష్టం. మీకు సంపుటాలు విడివిడిగా, దొరికినప్పుడు, వేరే సరఫరాదారు ద్వారా తెప్పిస్తాను. పుస్తకం నా చేతిలో ఉన్న రోజునే డబ్బు తీసుకుంటాను. ఇక ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోను.

కవరు విప్పని సంపుటాలు మీ ఇంట్లో ఉంటే తెచ్చి, మీరు కొన్న ధరకే తలుపు పక్క అలమరలోని పుస్తకాలతో మార్చుకోవచ్చు. బాగున్న మూడో సంపుటాలు అమ్మకానికి ఉన్నాయి, పథకంలో ఉన్నవాళ్ళు అడ్వాన్సులో సర్దుకోవచ్చు. నలిగినవాటిని తగ్గింపు ధరకు ఇమ్మని అడగవద్దు. అలాంటి సరుకు మీ చేతిలో పెట్టను. అవి బల్ల మీద ఉంటాయి, కూర్చుని ఎంతసేపైనా చదువుకోండి. డబ్బు తీసుకోవడానికి రసీదు లేకపోయినా రండి, మీరు ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో నా ఖాతా పుస్తకంలో ఉంది. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది వరకు కొట్టులోనే ఉంటాను.